విప్పి నేర్చుకున్న విద్య

1920ల చివర్లో సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో రాస్కో అని చిన్న ఊరు ఉంది. బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు ఏర్లు అక్కడే కలుస్తాయి. ఆ ఊళ్లో వాల్ట్ డెట్, విన్నీ డెట్ దంపతులకూ వాళ్ల స్నేహితుడు హ్యారీ డార్బీకీ ఒకటే పట్టుదల పుట్టింది. ట్రౌట్ చేపలకు వేసే గాలపు ఈగలు కట్టడం నేర్చుకోవాలి. ఆ చుట్టుపక్కల ఈ పనిలో పేరు మోసినవాడు రూబ్ క్రాస్. భారీ మనిషి, పెద్ద పెద్ద చేతులు. ఆ చేతుల్లోంచి వచ్చే ఈగలు మాత్రం బియ్యపు గింజంత నాజూకుగా ఉండేవి. నేర్పమని వాల్ట్ వెళ్లి అడిగాడు. డబ్బిస్తానన్నాడు. క్రాస్ ససేమిరా అన్నాడు.

దాంతో ముగ్గురూ క్రాస్ కట్టిన ఈగల్నే కొనుక్కొచ్చారు. బల్ల ముందు కూర్చుని, దారం కొస దొరకబుచ్చుకుని, ఒక్కో చుట్టూ వెనక్కి విప్పుతూ వెళ్లారు. ముందు తల దగ్గరి ముడి ఊడింది. తర్వాత మెడ ఈక, ఆ తర్వాత ఒంటికి చుట్టిన బొచ్చు, అలా రెక్కలూ తోకా కూడా. ఎక్కడ ఎన్ని చుట్లున్నాయో, ఏది దేని కింద దాగి ఉందో విన్నీ కాగితం మీద రాసుకుంటూ పోయింది. ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదువుకుంటే కట్టే పద్ధతి అదే వచ్చేస్తుంది. 1928లో మొదలైన డెట్ వారి దుకాణాన్ని ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. నేర్పనన్న క్రాస్ కూడా 1936లో తన పద్ధతులన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడు.

గుట్టుగా దాచుకున్న చేతిపనిని కొత్తవాళ్లు ఎలా చేజిక్కించుకున్నారన్నదే ఈ విద్య చరిత్రలో అసలు కథ. ఎవరు ఏ ఈగను మొదట కట్టారన్న జాబితాలు బోలెడున్నాయి. ఆ కట్టడం ఒక చేతి నుంచి మరో చేతికి ఎలా అందిందన్నది మాత్రం తక్కువమంది పట్టించుకున్నారు.

మన చెరువు గట్ల మీద గాలానికి ఎర్రను గుచ్చి నీళ్లలో వేసి కూర్చోవడం అందరూ చూసిందే. ట్రౌట్ చల్లటి కొండవాగుల చేప. నీటి మీద వాలే, నీళ్లలోంచి పైకి లేచే సన్నటి పురుగుల్ని అది ఎంతో ఇష్టంగా తింటుంది. ఆ పురుగుల్ని ముల్లుకు గుచ్చబోతే నలిగిపోతాయి. అందుకని గాలపు ముల్లు మీదే దారం, ఈకలు, ఊలు, జంతువుల బొచ్చు చుట్టి పురుగు రూపం తెప్పిస్తారు. దానికి బరువు ఉండదు కాబట్టి బరువైన తాడును గాల్లో ఆడించి, ఆ ఊపుతో ఈగను నీటి మీదికి చేరుస్తారు.

ఈ పని గురించి తొలి స్పష్టమైన వర్ణన క్రీ.శ. 200 ప్రాంతంలో రోమ్‌కు చెందిన ఏలియన్ రాసిన జంతువుల గ్రంథంలో ఉంది. మాసిడోనియాలో ఆస్ట్రేయస్ అనే ఏటి దగ్గర జనం మచ్చల చేపల్ని ఎలా పడతారో తాను విన్నట్టు ఆయన రాశాడు. ఆ ఏటి మీద తిరిగే ఒక ఈగను చేపలు ఆత్రంగా మింగుతాయి. కానీ మనిషి చెయ్యి తగిలితే దాని రంగు పోతుంది, రెక్కలు వడలిపోతాయి, ఎరగా పనికిరాదు. అందుకని వాళ్లు ముల్లుకు ఎర్ర ఊలు చుట్టి, కోడిపుంజు గొంతు దగ్గర పెరిగే మైనం రంగు ఈకలు రెండు కడతారు. కర్ర ఆరడుగులు, తాడూ ఆరడుగులు. ఏలియన్ ఇన్ని వివరాలు ఇచ్చి, ఆ ఊలు ఎలా చుట్టాలో, ఈకను ఎలా బిగించాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన స్వయంగా కట్టినవాడు కాదు, ఎవరో చెబితే విన్నవాడు.

ఇంగ్లీషులో ఈ విషయం మీద అచ్చయిన మొదటి గ్రంథంలోనూ ఆ లోటు అలాగే ఉండిపోయింది. 1496లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు గాలపు వేట మీద ఒక చిన్న గ్రంథాన్ని వెలువరించాడు. డేమ్ జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు కానీ దానికి గట్టి ఆధారం లేదు. అందులో మార్చి నుంచి ఆగస్టు వరకు నెలల వారీగా పన్నెండు ఈగల వివరం ఉంది. ఫలానా ఈగకు నల్ల ఊలు ఒళ్లు, ఫలానా పక్షి ఈక రెక్కలు అని పదార్థాలు చెప్పి ఊరుకుంటారు. కట్టే పద్ధతి లేదు.

ముల్లు తయారుచేయడం గురించి మాత్రం ఆ పుస్తకం ఓపిగ్గా నేర్పుతుంది. ఆ రోజుల్లో గాలపు ముల్లు ఎవరికి వారు చేసుకోవలసిందే. కుట్టుసూదిని బొగ్గుల నిప్పులో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, మెత్తబడ్డాక కత్తితో దాని ఒంటి మీద చీలిక లేపాలి. అదే చేపను జారిపోనివ్వని కొక్కెం. మొనకు పదును పెట్టి, మళ్లీ కాల్చి, వంచాలి. వెనక కొసను సాగగొట్టి చదును చేసి, తాడు కోసుకుపోకుండా ఆకురాయితో నున్నగా రాయాలి. చివరిసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. చదివినవాడు ఆ రాత్రే పొయ్యి దగ్గర కూర్చుని ఒక ముల్లు చేసుకోగలడు. ఈగ కట్టడం దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలిసినవాడి పక్కన చేరాల్సిందే.

ఆ లోటు తీర్చినవాళ్లలో మొదటివాడు ఒక వంటవాడు. రాయబారుల వంటిళ్లలో పనిచేసిన థామస్ బార్కర్ 1651లో తన చేపల వేట పుస్తకంలో ఈగ కట్టే క్రమాన్ని వంట చెప్పినంత సూటిగా చెప్పాడు. ఐజక్ వాల్టన్ 1653లో వేసిన ప్రసిద్ధ గ్రంథంలో ఈగల భాగానికి బార్కర్ దగ్గర చాలా తీసుకున్నాడు. వాల్టన్ ఈగల వేటలో అంత దిట్ట కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే 1676లో అయిదో ముద్రణ వస్తున్నప్పుడు, ఎనభై దాటిన వయసులో, తన యువ మిత్రుడు చార్లెస్ కాటన్ చేత రెండో భాగం రాయించుకున్నాడు.

కాటన్ డోవ్ నది ఒడ్డున పుట్టి పెరిగినవాడు. 1674లో ఆ ఒడ్డునే చిన్న రాతి గది కట్టించి, గుమ్మం పైన తన పేరులోనూ వాల్టన్ పేరులోనూ మొదటి అక్షరాలు కలిపి చెక్కించాడు. ఆ గది ఇప్పటికీ ఉంది. ఆయన రాసిన భాగం గురుశిష్యుల సంభాషణ. శిష్యుడు బాటసారి. లండన్‌లో ఎవరో ఇచ్చిన ఈగను చూపిస్తాడు. గురువు దాన్ని చూసి నవ్వుకోవడానికి కిటికీకి వేలాడదీస్తానంటాడు. లండన్‌లో లావుగా కడతారు, డోవ్ లాంటి తేట నీళ్లలో అది పనికిరాదని ఆయన అభిప్రాయం. ఆ తర్వాత అక్కడికక్కడే కట్టి చూపిస్తాడు.

ఆ పాఠంలో ముల్లును బిగించి పట్టే వైసు అనే పరికరమే లేదు. ముల్లును ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కుడిచేత్తో పని చేయాలి. మైనం రాసిన పట్టుదారాన్ని ముందు ఖాళీ ముల్లుకు రెండు మూడు చుట్లు చుట్టాలి, లేకపోతే పైన కట్టిందంతా జారిపోతుంది. రెక్కల ఈకను సరిపడా కొలిచి బిగించాలి. తర్వాత బొచ్చును వేళ్లతో దారానికి పులిమి, మెలిపెట్టి, ఆ బొచ్చుదారాన్ని ఒంటి పొడవునా చుట్టాలి. బొచ్చు రంగును నీడలో చూసి మోసపోవద్దని, సూర్యుడికీ కంటికీ మధ్య ఎత్తిపట్టి చూడమని కాటన్ చెబుతాడు. నీళ్ల కింద ఉన్న చేప ఆ ఈగను వెలుతురుకు అడ్డంగానే చూస్తుంది మరి. ఇలాంటి మాట స్వయంగా కట్టి, తప్పులు దిద్దుకున్నవాడి నోటనే వస్తుంది. ఆయన ఇచ్చిన అరవై అయిదు ఈగల జాబితా కన్నా ఈ ఒక్క సూచన విలువైనదని చెప్పాలి.

కాటన్ కన్నా అర్ధశతాబ్దం ముందే, 1624లో, స్పెయిన్ ఉత్తరాన లియోన్ ప్రాంతంలో హువాన్ దె బెర్గారా అనే ఆయన ఈగల వివరాలు చేత్తో రాసిపెట్టాడు. ఆస్తోర్గా రాతప్రతి అని దానికి పేరు. అందులో పెద్దపీట కోడి ఈకలదే. కురుయేన్యో లోయ పల్లెల్లో ఇప్పటికీ ఆ పుంజుల్ని ఈకల కోసమే పెంచుతారు. ఒంటిరంగు నిగనిగలాడేవి ఒక తెగ, మచ్చలు చిమ్మినట్టుండేవి ఇంకో తెగ. ఒక్కో తెగలో మళ్లీ ఛాయను బట్టి విడివిడి పేర్లు. గోదావరి జిల్లాల్లో పుంజు ఈకను చూసి ఇది డేగ, ఇది కాకి, ఇది పింగళ అని చెప్పే పెద్దల చూపు ఎలాంటిదో ఆ లోయ రైతుల చూపూ అలాంటిదే. జపాన్‌లో ఈ పని సూదులు చేసేవాళ్ల నుంచి పుట్టింది. కనజవాలో 1575లో సూదుల దుకాణంగా మొదలైన మెబోసో హచిరోబెయ్ వారు ఈనాటికీ అయు చేపల కోసం కగ ఈగలు కడుతున్నారు.

పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లండులో కొత్తగా నేర్చుకునేవాడికి కంటితో చూసి పోల్చుకునే వీలు దొరికింది. ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్ స్టాఫర్డ్‌షైర్‌లో బ్లైత్ నది మీదికి వేలాడేలా చిన్న గుడిసె కట్టుకుని, ట్రౌట్ ఏం తింటుందో, ఏం ఉమ్మేస్తుందో కిటికీలోంచి గమనించాడు. 1836లో ఆయన వేసిన పుస్తకంలో చేత్తో రంగులద్దిన రాగిపలకల బొమ్మలున్నాయి. పైన అసలు పురుగు, దానికి శాస్త్రీయ నామం, కిందనే దాని నకలు. ఏ పురుగును చూసి ఏ ఈగ కట్టారో అంతకుముందు ఊహించుకోవలసి వచ్చేది. లండన్‌లో డీన్ స్ట్రీట్‌లో దుకాణం పెట్టుకున్న ఐర్లండ్ మనిషి విలియం బ్లాకర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1840లలో వేసిన తన పుస్తకం ప్రతులు కొన్నిటిలో నిజమైన ఈగల్నీ ఈకల నమూనాల్నీ పేజీలకే అతికించాడు. ఒక కళాకారుడు తన సరుకును ఇలా కొత్తవాడి చేతిలో పెట్టడం ఎంత ఉదారమైన పనో ఆ ప్రతుల్ని తలచుకుంటే తెలుస్తుంది.

అదే కాలంలో ఈ విద్య చాలా ఖరీదైన దారి ఒకటి పట్టింది. అది సాల్మన్ ఈగల దారి.

1850 ప్రాంతంలో జాన్ స్కాట్ అనే స్కాట్లండ్ మనిషి నార్వేకు వెళ్లే ఓడలో ఒక ఈగ కట్టాడు. జాక్ స్కాట్ అనే పేరుతో అది లోకమంతా తిరిగింది. దక్షిణ అమెరికా టూకాన్ పక్షి పసుపు ఈక, నిప్పుకోడి ఈక, చైనా బంగారు ఫెజెంట్ ఈక, నెమలి ఈక, బట్టమేక పిట్ట జాతివి, అడవి కోడివి — ఇవన్నీ అందులో పడతాయి. 1895లో జార్జ్ కెల్సన్ సాల్మన్ ఈగల మీద వేసిన బృహద్గ్రంథం ఈ పిచ్చిని ఒక శాస్త్రంలా నిలబెట్టింది. ఏ నదికి ఏ రంగు, ఏ వేళకు ఏ ఈక అని సూత్రాలు చెప్పింది. నిజానికి గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి వచ్చిన సాల్మన్ దాదాపు ఏమీ తినదు. అది ఈగను ఎందుకు పట్టుకుంటుందో చేపకే తెలియాలి. ఆ ఈకల అందం పూర్తిగా మనిషి కంటి కోసం. అయినా ఆ అందం నిజమైనదే. ఒక్కో ఈకలోంచి ఒక్కో పీచు వేరుచేసి, అయిదారు రంగుల పీచుల్ని మళ్లీ ఒకే ఈకలా కలిపి రెక్క చేయడం గంటల తరబడి పని. దాన్ని చూసినవాళ్లెవరికైనా చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ ఈగల్లో కన్ను లాంటి చుక్క ఒకటి కనిపిస్తుంది. అది దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవి కోడిది. నల్లమలలోనూ శేషాచలం అడవుల్లోనూ తెల్లవారకముందే కూసే కోడి ఇదే. పుంజు మెడ మీది నల్లటి ఈకల కొసన తెల్లగా, పసుప్పచ్చగా గట్టిపడిన చుక్క ఉంటుంది. దాన్ని వేలితో తడిమితే ఈకలా ఉండదు, లక్క కరిగించి చుక్క వేసినట్టు నున్నగా తగులుతుంది. నీళ్లలో ఎంత నానినా ఆ మెరుపు పోదు. బ్రిటన్ సాల్మన్ నదుల కోసం ఈ మెడలు మన ఓడరేవుల నుంచి కట్టలుగా వెళ్లాయి.

ఈకల కోసం జరిగిన వేటలో గాలపు ఈగల వాటా చిన్నదే. ఆడవాళ్ల టోపీల అలంకరణ కోసమే పక్షుల్ని లక్షల్లో చంపారు. దాన్ని ఆపడానికి 1889లో మాంచెస్టర్ దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ అనే ఆమె మొదలుపెట్టిన సంఘమే తర్వాత బ్రిటన్‌లో పెద్ద పక్షి సంరక్షణ సంస్థగా ఎదిగింది. భారతదేశం నుంచి పక్షుల ఈకల ఎగుమతిని 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నిషేధించింది. బ్రిటన్‌లోకి దిగుమతిని అడ్డుకునే చట్టం 1921లో వచ్చింది. స్వతంత్ర భారతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి కోడిని కాపాడుతోంది. ఈగలు కట్టేవాళ్లు ఇప్పుడు చట్టప్రకారం వాడే మెడలు బ్రిటన్‌లో పెంచిన కోళ్లవి. మిగతా అరుదైన ఈకల స్థానంలో రంగు వేసిన జింక తోక వెంట్రుకలు, ఉడుత తోక వెంట్రుకలు వచ్చాయి. వాటికీ సాల్మన్ పడుతూనే ఉంది. కెల్సన్ సూత్రాలకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

అందరూ అలా సరిపెట్టుకోలేదు. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ ఊళ్లో నేచురల్ హిస్టరీ మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాలు దొంగతనమయ్యాయి. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అడవుల్లో తిరిగి సేకరించి పంపిన పక్షులు కూడా వాటిలో ఉన్నాయి. దొంగిలించినవాడు లండన్‌లో వేణువు చదువుకుంటున్న అమెరికా కుర్రాడు. చిన్నప్పుడు టీవీలో ఈగ కట్టడం చూసి ముగ్ధుడై నేర్చుకున్నవాడు, కెల్సన్ కాలపు ఈగలు కట్టడంలో పిన్న వయసులోనే పేరు తెచ్చుకున్నవాడు. పోలీసులు పట్టుకునేసరికి చాలా చర్మాలకు చీటీలు పీకేసి ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చెప్పే చీటీ లేని పక్షి శాస్త్రానికి ఇక పెద్దగా పనికిరాదు. ఈ విద్య మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ నష్టాన్ని చిన్నది చేసి చెప్పడానికి వీల్లేదు.

దుకాణాల్లో అమ్మిన ఈగల్లో చాలాభాగం కట్టింది ఆడవాళ్లు. వాళ్ల పేర్లు పుస్తకాలకెక్కలేదు. ఎక్కిన కొద్దిమందిలో అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ ముఖ్యురాలు. వెర్మాంట్‌లో మాంచెస్టర్ అనే ఊళ్లో తండ్రి చార్లెస్ ఆర్విస్ 1856 నుంచి గాలపు సామాను దుకాణం నడిపేవాడు. ఈగలు కట్టడంలో అనుభవమున్న ఒక పనివాణ్ణి రప్పించి కూతురికి నేర్పించాడు. 1876 నాటికి ఆ విభాగమంతా ఆమె చేతి కిందికి వచ్చింది. అప్పటిదాకా అమెరికాలో ఒకే ఈగకు ఊరికో పేరు, ఒకే పేరుకు ఊరికో ఈగ. ఎవరు ఏమి ఆర్డరిచ్చారో తెలిసేది కాదు. ఆమె దేశం నలుమూలల నుంచి వేటగాళ్ల ఉత్తరాలు తెప్పించి, 1892లో రంగుల పలకలతో పెద్ద గ్రంథం వేసింది. ఆ గ్రంథంతో పేర్లు స్థిరపడ్డాయి. ఇంట్లో కూర్చుని కట్టబోయేవాడికి సరిచూసుకునే బొమ్మ దొరికింది.

ఇంచుమించు అప్పుడే సముద్రం దాటి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో నీటి మీద తేలే ఈగల మీద, వాటిని కట్టే పద్ధతి మీద పుస్తకం రాశాడు. అమెరికాలో థియొడోర్ గోర్డన్ దాన్ని చదివి ఆయనకు ఉత్తరం రాశాడు. 1890లో హాల్ఫర్డ్ జవాబుతో పాటు తన ఈగల నమూనాలు పంపాడు. గోర్డన్ వాటిని చూసి నేర్చుకున్నాడు కానీ అలాగే కట్టి ఊరుకోలేదు. ఇంగ్లండులోని పురుగులు వేరు, క్యాట్‌స్కిల్ వాగుల మీది పురుగులు వేరు. తన వాగు పురుగును చూసి, నెమలి కన్నులోని పీచును గీకి చారలు తేలేలా చేసి ఒంటికి చుట్టి, క్విల్ గోర్డన్ అనే ఈగ కట్టాడు. కట్టే తీరును మాత్రం ఆయన చాలా తక్కువమందికి చూపించాడు. వాళ్లలో ఒకడు లిబర్టీ ఊరి తపాలా ఉద్యోగి రాయ్ స్టీన్‌రాడ్. గుట్టు కాపాడుకోవడం ఆ కొండల్లో ఆచారంగా మారింది. క్రాస్ గుమ్మం దగ్గర డెట్ దంపతులకు ఎదురైంది ఆ ఆచారమే.

విప్పి నేర్చుకునే పద్ధతిని పాఠంగా మార్చిన గురువు మాత్రం స్కాట్లండ్‌లో ఉన్నాడు. ఈశాన్య తీరంలో బ్రోరా అనే ఊరి దగ్గర మేగన్ బాయ్డ్ అనే పన్నెండేళ్ల పిల్లకు, బాబ్ ట్రస్లర్ అనే వేటజంతువుల కాపలాదారు ఈగలు కట్టడం నేర్పాడు. ఆమె చేతికి తాను కట్టిన ఈగలు ఇచ్చి, విప్పమన్నాడు. విప్పిన ఆ పదార్థాలతోనే అదే ఈగను ఇంకా చిన్న ముల్లు మీద కట్టమన్నాడు. ఈ పాఠంలో ఉన్న తెలివి ఆలోచించదగ్గది. విప్పేటప్పుడు పిల్లకు క్రమం కళ్లముందు కనిపిస్తుంది. చిన్న ముల్లు మీద కట్టేటప్పుడు ఒక్క చుట్టు ఎక్కువైనా చోటు చాలదు. దారం మీద పొదుపు ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

1915లో పుట్టిన మేగన్ 2001లో కన్నుమూసేవరకు ఆ తీరం వదల్లేదు. కింట్రాడ్‌వెల్‌లో ఆమె కుటీరానికి చాలాకాలం కరెంటు లేదు. సముద్రం వైపు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, పగటి వెలుతురులోనూ తర్వాత దీపం వెలుగులోనూ కట్టేది. ఆర్డర్లు ఉత్తరాల్లో వచ్చేవి, సంవత్సరాల తరబడి ఎదురుచూసేవాళ్లు. అప్పటి యువరాజు చార్లెస్ కూడా ఆమె ఖాతాదారే. 1971లో బ్రిటిష్ సామ్రాజ్య పతకం ఇస్తామని రాజభవనం కబురు పంపితే, ఆ రోజు తన కుక్కను చూసుకునేవాళ్లు లేరని రానని చెప్పింది. ఇంత పేరున్న ఆమె చేపలు పట్టలేదు, చంపడం ఆమెకు ఇష్టం లేదు. చివరికి ఆమె చేతిని ఆపింది చూపు మందగించడమే.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుట్టు నిలబడే పరిస్థితి పోయింది. మిన్నెసోటాలో జార్జ్ హెర్టర్ తపాలా ద్వారా ముళ్లు, ఈకలు, దారాలు అమ్ముతూ, 1941లో ఈగలు కట్టడం మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. ఊళ్లో గురువు లేని రైతుబిడ్డ కూడా కేటలాగు చూసి సామాను తెప్పించుకోగలిగాడు. ముల్లును పట్టే వైసు ఇంటింటి వస్తువైంది. రెండు చేతులూ ఖాళీ కావడంతో కొత్తవాళ్లకు సగం కష్టం తీరింది. ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అమ్మే చవక పెట్టెల్లో ఉండే వైసు చాలాసార్లు భారతదేశంలో తయారైనదే. ఇంగ్లండులో ఫ్రాంక్ సాయర్ అనే నది కాపలాదారు దారాన్నే పక్కనపెట్టి, ఫెజెంట్ తోక పీచునూ సన్నటి రాగితీగనూ కలిపి చుట్టి ఈగ కట్టాడు. తీగ బరువుకు అది మునుగుతుంది, ముడీ అదే, మెరుపూ అదే. 1958లో ఆయన దాన్ని పుస్తకంలో వివరించాడు.

ఇక మిగిలిన పెద్ద ఇబ్బంది ఈక. తేలే ఈగకు పుంజు మెడ ఈక పీచులు గట్టిగా, నిటారుగా ఉండాలి. మామూలు కోళ్లలో అలాంటివి దొరకడం కష్టం. రాస్కో మిత్రుడు హ్యారీ డార్బీ, భార్య ఎల్సీతో కలిసి నీలిబూడిద రంగు ఈకల కోసం సొంతంగా కోళ్లు పెంచాడు. 1954లో ఆ జాతి గుడ్లు మిన్నెసోటాలో ఆండీ మైనర్‌కు ఇచ్చాడు. ఆ గుడ్ల వంశం అక్కడి నుంచి పెంపకందార్ల చేతులు మారుతూ పోయింది. పెన్సిల్వేనియాలో బక్ మెట్జ్ 1970లలో దాన్ని వ్యాపారంగా పెంచాడు. కొలరాడోలో కోళ్ల జన్యుశాస్త్రం చదువుకున్న టామ్ వైటింగ్ 1989 నుంచి ఈకల కోళ్ల పెంపకాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఇప్పటి పుంజు నడుం మీది ఒక్క ఈక జానెడు దాటి ఉంటుంది. దానితో అయిదారు ఈగలు కట్టొచ్చు. 2011లో ఆడపిల్లలు జుట్టులో ఈకలు అతికించుకునే ఫ్యాషన్ వచ్చినప్పుడు, ఆ ఈకలన్నీ బ్యూటీ పార్లర్లకు తరలి, ఈగలు కట్టేవాళ్లు కొన్ని నెలలు ఖాళీ అరల ముందు నిలబడ్డారు.

ఇప్పుడు తరగతుల్లో కొత్తవాళ్లకు తరచుగా మొదట కట్టించేది వూలీ బగ్గర్. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెసింగ్ కట్టిన ఈగ ఇది. మెత్తటి టర్కీ కోడి ఈక తోక, బొచ్చుదారం ఒళ్లు, దాని మీద చుట్టిన పుంజు ఈక. పెద్ద ముల్లు, మూడే పదార్థాలు. అయినా కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. ఒళ్లు చుట్టే ఉత్సాహంలో తాడు కట్టే ముల్లు కంటి దాకా వచ్చేస్తారు. తల కట్టడానికి, చివరి ముడి వేయడానికి చోటు మిగలదు.  గురువు బ్లేడుతో అంతా కోసేసి, అదే ముల్లును మళ్లీ వైసులో బిగిస్తాడు.

ఈ తరగతులు ఎక్కడెక్కడికో వెళ్లాయి. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న రిటైర్డ్ నౌకాదళ కెప్టెన్ ఎడ్ నికల్సన్, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి గాయాలతో తిరిగొచ్చిన కుర్రాళ్లను చూశాడు. 2005లో వాళ్ల కోసం గాలపు వేట, ఈగలు కట్టడం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టాడు. వేళ్లకు పట్టు తిరిగి రావడానికి, ఒకే పని మీద మనసు నిలవడానికి ఈ పని అక్కరకొచ్చింది. ఇప్పుడు అమెరికా అంతటా మాజీ సైనికుల కోసం ఆ తరగతులు నడుస్తున్నాయి. నేర్పేవాళ్లలో నిన్నటిదాకా అక్కడే నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు.